కొమ్ముకి వేలాడిన హెల్మెట్టు

ఒక పెద్ద అడవిలో ఒక సింహం రాజ్యం ఏలుతూ ఉండేది అని ఎవరైనా చెబితే నమ్మకండి. అది నిద్రపోతూ ఉండేది. ఏలేది పంచాయితీ. పంచాయితీ ఏం చేసేదయ్యా అంటే, తీర్మానాలు చేసేది.

ఆ అడవి అంచున ఒకప్పుడు మనుషులు విడిది కుటీరాలు కట్టారు. పట్నం నుంచి వచ్చినవాళ్ళు సరదాగా తొక్కుకుంటారని షెడ్డు నిండా సైకిళ్ళు తెచ్చి పెట్టారు. ఒక ఏడు వాగు పొంగి కుటీరాల్లోకి నీళ్ళొచ్చాయి. మనుషులు పరుపులూ టీవీలూ నెత్తిన పెట్టుకుని పారిపోయారు. సైకిళ్ళు మిగిలాయి. వాటితో పాటు హెల్మెట్లూ మిగిలాయి.

సైకిళ్ళ కోసం జంతువులు జుట్లు పట్టుకుని కొట్టుకున్నాయి. హెల్మెట్ల జోలికి ఒక్కరూ పోలేదు. తర్వాత్తర్వాత మెల్లగా వాటికీ ఉపయోగాలు కనిపెట్టారు. కోతి గెంతులయ్య అందులో ఇప్పసారా పోసుకుని తాగాడు. కప్పలు వాననీళ్ళు పట్టుకుని జలకాలాడాయి. ఉడుత చింతగింజలు దాచుకుంది. తల తప్ప అన్నీ పెట్టారు అందులో.

అడవికోడి చుక్కమ్మ గుడ్లు పెట్టింది.

చుక్కమ్మ సరదాకి పెట్టలేదు. మొదటి విడత గుడ్లు నేలమీద పెడితే అడవిపంది తొక్కుకుంటూ పోయింది. "చూసుకోలేదమ్మా" అంది, అదీ వెనక్కి తిరగకుండా. రెండో విడత పొదలో పెడితే ఉడుము వచ్చి మింగింది. మూడో విడతకి చుక్కమ్మ ఈ హెల్మెట్టుని చూసింది. ముక్కుతో పొడిచి చూసింది. పైన గట్టి, లోపల మెత్త. అందులో ఇంత బూరుగుదూది పరిచి గుడ్లు పెట్టి కూర్చుంది. ఒకసారి గాలివానకి ఎండుకొమ్మ విరిగి దాని మీదే పడింది. చుక్కమ్మ ఎగిరి అవతల పడింది కానీ లోపల గుడ్డు ఒక్కటి కూడా చిట్లలేదు.

ఆ రోజునించీ చుక్కమ్మకి ఆ హెల్మెట్టు కన్నతల్లితో సమానం.

ఆమె మొగుడు పుంజు పేరు తురాయప్ప. నెత్తిమీద ఎర్రటి తురాయి, మనసులో అంతకంటే పెద్ద తురాయి. పొద్దున్నే ఒక కూత కూసి, సూర్యుణ్ణి తనే లేపినట్టు ఛాతీ విరుచుకుని సైకిలెక్కి షికారు పోయేవాడు.

షికారు ఎక్కడికంటారా? అడవిలో అందరిదీ ఒకటే దారి. చదునుగా మద్దిచెట్టు దాకా పోవడం, అక్కణ్ణించి జారుడువాలు మీదుగా వాగు దాకా దిగిపోవడం. చదును మీద పడ్డవాడు అడవి చరిత్రలో లేడు. వాలు మీద పడనివాడూ లేడు.

అలా ఒకరోజు ఎలుగుబంటి బండెన్న పడ్డాడు. బండకి తల కొట్టుకుంది. లేచాడు, దులుపుకున్నాడు, ఇంటికెళ్ళాడు, పెళ్ళాన్ని చూసి "ఎవరమ్మా మీరు? మీ ఆయన ఇంట్లో లేరా?" అని అడిగాడు. తేనెపట్లు ఎక్కడున్నాయో కూడా మరిచిపోయాడు. తేనెపట్ల సంగతి నిజమే గానీ తనని మాత్రం కావాలనే మరిచిపోయాడని ఆవిడకి ఈనాటికీ అనుమానం.

ఆ సాయంత్రం చుక్కమ్మ మొగుణ్ణి నిలదీసింది.

"చూశావా బండెన్న గతి? నువ్వూ ఒక హెల్మెట్టు తగిలించుకో."

"నేనా? తురాయి నలగదటే?"

"నలిగితే నలిగింది."

"మా తాత తురాయి చూసి నాలుగు కొండల అవతలి కోళ్ళు..."

"మీ తాతకి సైకిలు లేదు" అంది చుక్కమ్మ. తురాయప్ప వినలేదు. వినే మొగుడైతే ఈ కథ ఇక్కడే అయిపోను.

బండెన్న పడ్డాక పంచాయితీకి చలనం వచ్చింది. పంచాయితీ పెద్ద దుప్పి. పేరు కొమ్ములరాయుడు. కొమ్ములు చూసి ఓటేశారు, కొమ్ములే మిగిలాయి. ఆయన రాయెక్కి నిలబడి, "ఇకనుంచి సైకిలెక్కే ప్రతి జీవీ తలమీద హెల్మెట్టు ఉండి తీరాలి!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు అయ్యాక ఒక్కొక్కరే లేచారు.

"నాకు ముళ్ళు దొరా, హెల్మెట్టు తలకి దిగదు" అంది ముళ్ళపంది.

"సరే, నీకు మినహాయింపు."

"నేను పుట్టిందే హెల్మెట్టులో" అంది తాబేలు.

"నీకూ మినహాయింపు."

"మరి మీకో దొరా? మీకు కొమ్ములు కదా?" అని వెనకనించి చుక్కమ్మ అరిచింది.

కొమ్ములరాయుడు నవ్వాడు. ఒక హెల్మెట్టు తెప్పించి, పట్టీ పట్టుకుని కుడికొమ్ముకి తగిలించుకున్నాడు. అది తలుపు చాటున చిలక్కొయ్యకి వేలాడే సంచిలా అటూ ఇటూ ఊగింది. "తలమీదే ఉందిగా? కొమ్ము తల కాదా?"

"ముమ్మాటికీ తలే దొరా" అన్నాడు పక్కనే నిలబడ్డ గుంటనక్క గుంటప్ప.

ఆ ఒక్క మాటకే గుంటప్పకి ఉద్యోగం వచ్చింది. హెల్మెట్ల తనిఖీ అధికారి.

గుంటప్ప తనిఖీ కేంద్రం ఎక్కడ పెట్టాడనుకున్నారు? మద్దిచెట్టు కింద. చదును మీద. "అయ్యా, జనం పడేది వాలు మీద కదా?" అని ఎవరో అడిగితే, "వాలు మీద నిలబడితే నాకు పిక్కలు లాగుతాయి. పైగా అక్కడ నీడ లేదు" అన్నాడు.

ఇంక చూసుకోండి. కోతి గెంతులయ్య ఇప్పసారా కడిగేసి, దొరికిన హెల్మెట్లన్నీ పోగేసి మద్దిచెట్టుకి ఇవతల అద్దె దుకాణం పెట్టాడు. ఒక పండు ఇస్తే హెల్మెట్టు తలకి తగిలిస్తాడు. దాన్ని పెట్టుకుని గుంటప్ప ముందునుంచి దర్జాగా పోవాలి. అవతల గెంతులయ్య బావమరిది నిలబడి ఉంటాడు. అతనికి హెల్మెట్టు తిరిగిచ్చేసి, తల తేలికైందని నిట్టూర్చి, బోడితలతో వాలు దిగిపోవాలి. పడని చోట పెట్టుకునేవాళ్ళు, పడేచోట తీసేసేవాళ్ళు.

తురాయప్ప కూడా అలాగే పోయేవాడు. పైగా ఇంటికొచ్చి, "చూశావా, చట్టం పాటిస్తున్నా" అనేవాడు.

"చట్టం పడదయ్యా, నువ్వు పడతావు" అనేది చుక్కమ్మ.

గుంటప్ప మాత్రం ఊరుకోకుండా సింహం గుహకి కబురు పంపాడు: అడవిలో నూటికి నూరుమంది హెల్మెట్టు పెట్టుకుంటున్నారు, ప్రభువులు ఒకసారి కళ్ళారా చూడాలి. కబురు అందే వేళకి సింహం ఖర్మకాలి మేలుకుని ఉంది. "సరే, వస్తా" అంది.

పంచాయితీలో గగ్గోలు పుట్టింది. హెల్మెట్ల పండగ చేయాలి. కొమ్ములరాయుడు ముందు నడవాలి. ఆయన హెల్మెట్టు చూద్దామంటే, కిందటి వారం నీళ్ళు తాగుతూ ఒడ్డున పెడితే ఏనుగు కాలేసింది. అప్పడమైంది. గెంతులయ్య దగ్గరివన్నీ ఊరేగింపు వాళ్ళకి ముందే పోయాయి.

"అడవిలో ఇంకొక్కటే ఉంది దొరా" అన్నాడు గుంటప్ప, పెదవులు నాక్కుంటూ. "చుక్కమ్మ కింద."

మర్నాడు గుంటప్ప వచ్చేసరికి చుక్కమ్మ పొదుగు మీద ఉంది. గుడ్లు రేపో మాపో పగిలేలా ఉన్నాయి. చెవి ఆనిస్తే లోపల కదలిక తెలుస్తోంది.

"లేమ్మా చుక్కమ్మా. ఇది ప్రభుత్వ ఆస్తి."

"నీ చూపు ప్రభుత్వ ఆస్తి మీద లేదే, దాని లోపల ఉంది."

"ఛఛ! గుడ్లకేం భయం లేదు. పండగయ్యేదాకా నా అధీనంలో భద్రంగా ఉంటాయి."

"ఉండవూ మరి! నీ పొట్టకన్నా భద్రమైన చోటు ఈ అడవిలో ఎక్కడుంది?"

"అధికారితో ఇలా మాట్లాడితే కేసవుతుంది."

"పెట్టు. సాక్షికి ఎవర్ని పిలుస్తావ్? మీ అమ్మమ్మ తిన్న మా అమ్మమ్మనా?"

గుంటప్ప ఒక అడుగు ముందుకేశాడు. చుక్కమ్మ ఈకలు రిక్కించింది. పొదుగుమీదున్న కోడిని చూసి పులి కూడా పక్కకి తప్పుకుంటుంది. గుంటప్ప ఎంత? అయినా వాడు పోలేదు. "రేపు పొద్దున్న నేనొక్కణ్ణే రాను. తోడేళ్ళని వెంటబెట్టుకొస్తా" అని చెప్పి మరీ పోయాడు.

తురాయప్ప అప్పటిదాకా చెట్టుకొమ్మ మీద ఉన్నాడు. అప్పుడు దిగాడు. "గుడ్లు నేలమీదకి మారుద్దామే. పెద్దవాళ్ళతో మనకెందుకు?"

చుక్కమ్మ గుడ్లని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. నేలమీద అడవిపంది ఉంది. పొదలో ఉడుము ఉంది. రెండు విడతలు పోయాయి. ఈ విడత కూడా పోతే, మళ్ళీ గుడ్డు మీద కూర్చునే ధైర్యం తనకి ఉండదని ఆమెకి తెలుసు. అది మొగుడికి చెప్పలేదు. చెబితే ఏడుస్తుంది. ఏడిస్తే గుడ్లు చల్లబడతాయి.

"నువ్వు కాసేపు వీటి మీద కూర్చో" అని లేచి, తిన్నగా కొమ్ములరాయుడి దగ్గరికి పోయింది.

"దొరా, మీకు కావలసింది హెల్మెట్టేగా? ఇస్తాను. గుడ్లతో సహా. నాతో సహా."

"అంటే?"

"మీరెలాగూ తలకి పెట్టుకోరు, కొమ్ముకి తగిలిస్తారు. అది ఖాళీగా ఊగితే మీకేమిటి, నిండుగా ఊగితే మీకేమిటి? రాజుగారు కిందనుంచి చూస్తారు. అడుగే కనిపిస్తుంది."

కొమ్ములరాయుడు ఆలోచించాడు. ఆలోచన అలవాటు లేని పని కాబట్టి త్వరగా ముగించాడు. "సరే. కానీ సభలో కొక్కొరోకో అనకూడదు."

"అది మా ఆయన పని" అంది చుక్కమ్మ.

గుంటప్ప పళ్ళు నూరుకున్నాడు. ఏం చేస్తాడు? దొర మాట.

పండగ రోజు పొద్దున్నే చుక్కమ్మ గుడ్ల చుట్టూ, సందు లేకుండా బూరుగుదూది కుక్కింది. పైన మోదుగాకులు కప్పి, తిప్పతీగతో అడ్డంగా నిలువుగా బిగించి కట్టింది. పట్టీ లాగి లాగి చూసుకుంది. అప్పుడు ఆ హెల్మెట్టుని ఉట్టిలా దొర కొమ్ముకి వేలాడగట్టించి, పైన తను కూర్చుంది.

ఊరేగింపు బయల్దేరింది. ముందు సైకిలు మీద కొమ్ములరాయుడు, వెనక మిగతా సైకిళ్ళ వరస, అందరి నెత్తిన గెంతులయ్య హెల్మెట్లు. సింహం రాతిమీద కూర్చుని చూసింది.

"దుప్పి కొమ్ము మీద కోడి ఏమిటి?" అని అడిగింది.

"కొత్తరకం హెల్మెట్టు ప్రభూ, కుచ్చుతో వస్తోంది" అన్నాడు గుంటప్ప.

"బాగుంది" అని సింహం అక్కడే పడి నిద్రపోయింది.

సింహం కన్ను మూసిందో లేదో ఊరేగింపు మద్దిచెట్టు దాటింది. అలవాటు ఎక్కడికి పోతుంది? ఒక్కొక్కరే హెల్మెట్టు తీసి బావమరిది చేతిలో పెట్టి వాలు మీదకి తిరిగారు. తురాయప్ప కూడా తీసి, తురాయి సర్దుకున్నాడు.

వాలు మొదలైంది. కొమ్ములరాయుడు పక్కన నిలబడ్డ జనానికి చెయ్యెత్తి ఊపుతున్నాడు.

"దొరా, బ్రేకు!" అంది చుక్కమ్మ.

"పంచాయితీ పెద్ద బ్రేకు వేస్తే జనం ఏమనుకుంటారు?"

"వెయ్యకపోతే ఏమనుకుంటారో అదీ చూద్దురుగాని, ముందు బ్రేకు వెయ్యవయ్యా రాయుడూ!"

మర్యాద పోయేసరికి కొమ్ములరాయుడికి రోషమొచ్చి తల పైకెత్తి వెనక్కి చూశాడు. ముందు చక్రం బండెన్న పడ్డ బండకే తగిలింది.

సైకిలు ఒకవైపు, దొర ఒకవైపు. తల బండకి ఠంగుమని మోగింది. కుడికొమ్ము ఫెళ్ళున విరిగింది. చుక్కమ్మ తుప్పల్లోకి ఎగిరిపడింది. హెల్మెట్టు మాత్రం గాల్లోకి లేచి, రాతిమీద పడి, మళ్ళీ లేచి, వేరుకి కొట్టుకుని, దొర్లుతూ దొర్లుతూ వాలు మొత్తం దిగి వాగు ఒడ్డున ఇసకలో ఆగింది.

చుక్కమ్మ ఎగురుతోందో పరిగెడుతోందో ఆమెకే తెలీదు. వెనక తురాయప్ప. అందరికంటే ముందు, నోరు తెరుచుకుని, గుంటప్ప.

"పోయాయి. ఇంక గుడ్డట్టే" అన్నాడు గుంటప్ప, సంతాపం ప్రకటిస్తూ లొట్టలేశాడు.

చుక్కమ్మ వాణ్ణి ఒక్క తన్ను తన్ని, తీగ ముక్కుతో తెంపింది. ఆకులు లాగేసింది. దూది తీసింది. ఒక గుడ్డు బాగుంది. రెండోది బాగుంది. మూడోది, నాలుగోది. ఐదో గుడ్డు మీద చిన్న గీత కనిపించింది. చుక్కమ్మ దాని మీదకి వంగింది.

గీత పెరిగింది. చిన్న పెంకు ముక్క ఊడి పడింది. అందులోంచి జొన్నగింజంత ముక్కు బయటికొచ్చి, "కీచ్" మంది.

పగిలింది లోపలినించి.

చుక్కమ్మ అప్పుడు ఏడ్చింది. తురాయప్ప ఏం చెయ్యాలో తెలీక మిట్టమధ్యాహ్నం ఒక కూత కూశాడు.

కొమ్ములరాయుణ్ణి మోసుకొచ్చి చెట్టు కింద పడుకోబెట్టారు. నెత్తిన వెలగకాయంత బొప్పి. చాలారోజులపాటు పక్కనున్న చీమలపుట్టని చూసి "ప్రియమైన ప్రజలారా, అభివృద్ధి మీ గుమ్మంలోకి వచ్చేసింది" అని మాట్లాడుతూనే ఉన్నాడు. దెబ్బ వల్ల అలా మాట్లాడుతున్నాడని ఎవరూ పోల్చుకోలేకపోయారు. మామూలుగానే ఉందనుకున్నారు.

పంచాయితీ విచారణ జరిపింది. ఒకే హెల్మెట్టు, ఒకే దెబ్బ. గుడ్లకి ఏమీ కాలేదు, దొర తలకి అయింది. కారణం ఏమిటి? గుంటప్ప గొంతు సవరించుకున్నాడు.

"తేటతెల్లంగా ఉంది. కాపాడింది హెల్మెట్టు కాదు, గుడ్లు. కాబట్టి ఇకనుంచి ప్రతివారూ హెల్మెట్టులో గుడ్లు పెట్టుకుని రావాలి. వాటిని రోజూ నేను తనిఖీ చేస్తాను. నమూనాకి రెండేసి ఉంచుకుంటాను."

సభ తల ఊపింది. నిజం చెప్పొద్దూ, తెలివైన తలలు కూడా ఊపాయి.

చుక్కమ్మ లేచింది. రెక్కల కింద పిల్లలు, ముక్కు మీద కోపం.

"ఒరే మొద్దుల్లారా! గుడ్డు హెల్మెట్టు లోపల ఉంది, కట్టేసి ఉంది, అందుకని పగల్లేదు. దొర తల బయట ఉంది, అందుకని పగిలింది. ఇందులో మహిమ ఏముందిరా?"

"అదంతా ఆడవాళ్ళ వాదన" అన్నాడు గుంటప్ప.

చుక్కమ్మ తియ్యగా నవ్వింది. చుక్కమ్మ తియ్యగా నవ్విందంటే తురాయప్పకి వణుకు.

"సరే అధికారిగారూ. మీ మాటే ఒప్పుకుంటాం. కొత్త పద్ధతి కదా, ముందు మీరు పెట్టుకుని దిగి చూపించండి. గుడ్లు నేను తెప్పిస్తాను."

గుడ్లు అనగానే గుంటప్ప ఒళ్ళు మరిచిపోయి ఒప్పేసుకున్నాడు. చుక్కమ్మ వాగు ఒడ్డున బాతు ఎప్పుడో వదిలేసి మరిచిపోయిన గుడ్లు తెప్పించి గెంతులయ్య హెల్మెట్టు ఒకదానిలో వేయించింది. దాన్ని గుంటప్ప నెత్తిన బోర్లించి, గడ్డం కింద పట్టీ తనే బిగించి కట్టింది. పట్టీ బిగుస్తుంటే ఫట్‌మని ఒకటి పగిలింది. ఆ కంపుకి మొదటి వరస లేచి మూడో వరసలోకి పోయింది.

ముఖం మీదుగా ధారలు కారుతుంటే, కళ్ళు మూసుకుపోయి, గుంటప్ప వాలు దిగాడు. దిగాడు అనడం మర్యాద. అదే బండకి కొట్టుకుని పల్టీలు కొట్టి వాగులో పడ్డాడు. అందరూ పరుగెత్తి వెళ్ళి చూస్తే వాడు నీళ్ళలోంచి లేచి, పెళ్ళాం పేరు, పిల్లల పేర్లు, ఎవరెవరు తనకి ఎన్ని పళ్ళు బాకీయో వరసగా చెప్పాడు. తలకి చీమంత దెబ్బ లేదు. హెల్మెట్టు పెట్టుకుని ఆ వాలు దిగిన మొట్టమొదటి జీవి, పాపం, తనిఖీ అధికారే.

"చూశారా గుడ్ల మహిమ!" అంది తాబేలు.

చుక్కమ్మ నెత్తి కొట్టుకుంది. ఆ తర్వాత ఇంక ఎవరికీ చెప్పలేదు. ఇంటికి పోయి, పిల్లలు ఖాళీ చేసిన హెల్మెట్టుని కడిగి, ఎండబెట్టి, మొగుడి ముందు పెట్టింది.

"పెట్టుకో."

"తురాయి నలుగుతుందే..."

"నలిగిన తురాయిని నేను దువ్వుతా. పగిలిన బుర్రని ఎవరు దువ్వుతారు? ఇన్నాళ్ళూ నీ పిల్లల్ని కాపాడింది. ఇప్పుడు వాళ్ళ నాన్నని కాపాడనీ."

తురాయప్ప పిల్లల్ని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. తురాయి మడిచి లోపల పెట్టుకున్నాడు. పట్టీ బిగించుకున్నాడు. మద్దిచెట్టు దాటాక కూడా తియ్యలేదు. బావమరిది చెయ్యి చాపి అలాగే నిలబడిపోయాడు.

దారిపొడుగునా నవ్వులే. "ఏం తురాయప్పా, పొదుగుతున్నావా?" అని కోతులు ఈలలేశాయి. తురాయప్ప సిగ్గుపడి, తడబడి, వాలు మధ్యలో పడ్డాడు కూడా. ఆ బండకి ఎవరూ చుట్టం కాదు. కానీ లేచాడు, హెల్మెట్టు మీద దుమ్ము దులుపుకున్నాడు, సైకిలు తిన్నగా చేసుకుని మళ్ళీ ఎక్కాడు.

మర్నాడు తెల్లారగట్ల ఎలుగుబంటి పెళ్ళాం గుమ్మంలో నిలబడి ఉంది. "వదినా చుక్కమ్మా, ఆ పట్టీ ఎలా బిగిస్తారో కాస్త చూపించవూ? మా ఆయన నన్ను ఇంకోసారి మరిచిపోతే నేనూరుకోను."

నీతి: తలలో ఏమైనా ఉన్నవాళ్ళు హెల్మెట్టు తలకే పెట్టుకోవాలి, లేనివాళ్ళు నిరభ్యంతరంగా కొమ్ముకి తగిలించుకోవచ్చు.